పెరుగన్నం తిన్న జ్వరం

నేను తిండిపోతును. ఈ మాట ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పేది మీకు సులువుగా అర్థమవుతుంది. పుట్టింట్లో నన్ను పొయ్యి దగ్గరి పిల్లి అని పిలిచేవాళ్ళు. పెళ్ళయి మెదక్ వచ్చాక మా అత్తమ్మ రెండు పూటలు నా కంచం వైపు చూసి, మూడో పూట నుంచి జొన్నపిండి ఇంకో గుప్పెడు ఎక్కువ తడపడం మొదలుపెట్టింది. ఆమె ప్రేమ అట్లాంటిది.

పోయిన వానాకాలంలో నాకు పేగుల జ్వరం వచ్చింది. డాక్టర్లు టైఫాయిడ్ అంటారు, ఉర్దూ వాళ్ళు మోతీఝరా అంటారు. బతికాను. ఏడాది తిరిగేసరికి మా వాడలో ఇంకో ఇంటి కోడలికి అదే జ్వరం తగిలింది. ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టారని వినగానే అత్తమ్మ పిండి చేతులతోనే పరుగెత్తింది. ఆ పిల్లను దవాఖానకు పంపించి, తిరిగి వచ్చి నా ముందు కూర్చుంది.

"నువ్వు సదువుకున్నదానివి. మనకు అయింది అయినట్టు రాయి. నేను జేసింది గుడ రాయి. ఏం దాయకు," అన్నది.

అందుకే రాస్తున్నాను. రాస్తుంటే అందులో ఏది కలో ఏది నిజమో నాకే తేలడం లేదు. ఆ నెలన్నరలో సగం కళ్ళు మూసుకునే గడిపాను మరి.

*

శ్రావణం చివరి రోజులు. ఆ ఏడు మా ఇంట్లో వరి అన్నం పండుగనాడే. ఊరి బయట మాకున్న రెండు మళ్ళలో పండిన వడ్లు సర్కారు వసూలు చేసే లెవీ కింద పోయాయి. పొద్దున జొన్నరవ్వతో కాచిన గట్క, సల్ల అనే పలుచటి మజ్జిగ. మధ్యాహ్నం జొన్నరొట్టె, చింతకాయ తొక్కు. పొద్దు గూకక ముందే మళ్ళీ రొట్టె, పచ్చిపులుసు. మా ఆయన సత్తయ్య బడిపంతులు. రజాకార్ల భయానికి ఆ రోజుల్లో మగవాళ్ళంతా వెలుతురుండగానే ఇల్లు చేరేవాళ్ళు. తలుపు గడియ పెట్టుకుని ముగ్గురం పొయ్యి చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. బయట ఏ గుర్రం డెక్కల చప్పుడు వినబడినా మా ఆయన చేతిలో రొట్టె ముక్క ఆగిపోయేది. నా చెయ్యి మాత్రం ఆగేది కాదు. సిగ్గు లేదని అత్తమ్మ నవ్వేది.

అట్లాంటి నాకు ఒకరోజు గట్క చేదయింది. మరునాడు సల్ల చేదయింది. మూడో రోజు కంచం పక్కకు నెట్టి పడుకున్నాను. "పిల్లి పాలు ముట్టలేదంటే పెద్ద జ్వరమే," అని మా ఆయన వేళాకోళం చేశాడు కానీ, నుదురు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జ్వరం దిగలేదు. పగలు కాస్త తగ్గినట్టు ఉండేది, సాయంత్రం మళ్ళీ ఎక్కేది. తొమ్మిదో రోజు అత్తమ్మ తడిగుడ్డతో నా మెడ తుడుస్తూ ఆగిపోయింది. మెడ మీద, ఎదమీద సన్నగా, తెల్లగా, ముత్యాల పొడి చల్లినట్టు పొక్కులు. ఆమె చేతులు జోడించింది.

"తల్లి వచ్చింది బిడ్డా. ఇగ భయం లేదు. సల్లగ జేస్తె సల్లగనే పోతది."

మా దిక్కు అమ్మవారు ఒంటి మీదికి వస్తే ఇల్లంతా పద్ధతి మారుతుంది. గుమ్మానికి వేపమండలు, పడక కింద వేపాకు. ఇంట్లో పోపు బంద్, వేయింపు బంద్. ఘాటు తగిలితే తల్లికి కోపం వస్తుంది. పోచమ్మకు పెరుగన్నం, బెల్లం పెట్టి, అదే పెరుగన్నం జ్వరం మనిషికి తినిపిస్తారు, లోపల వేడి చల్లారాలని. దవాఖానకు మాత్రం తీసుకుపోరు. సూదిమందు తల్లికి గిట్టదు.

"జర డాక్టరుకు చూపెడ్దామే," అన్నాడు మా ఆయన.

"తల్లిని ఇంట్ల వెట్టుకొని సూది పొడిపిస్తవా? నీకు తట్టు వోసినప్పుడు నేను గిట్లనే జేసిన. నువ్వు బతకలేదా?" అన్నది అత్తమ్మ. 

లెవీ వాళ్ళ కంట పడకుండా ఆమె అటక మీద ఒక చిన్న కుండలో బియ్యం దాచింది. దసరాకని. ఆ కుండ దించింది. మెత్తగా వండి, వేలితో మెదిపి, పాలు పోసి, తోడు వేసి, చిన్న ఉల్లిగడ్డ తుంచి పైన పెట్టింది. నేను కాపురానికి వచ్చిన మొదటిరోజు, అమ్మ గుర్తొచ్చి ఏడుస్తుంటే, ఆమె నాకు తినిపించింది కూడా అదే. నాకు ఇష్టమని ఆమెకు తెలుసు. మూడు రోజులు ముద్ద చేసి నా నోటికి అందిస్తూ తన అలవాటు ప్రకారం గొణిగేది. "ఇగో, చిన్నగ. నములు. మింగు. మా తల్లి గద."

చెబితే నమ్మరు గానీ, ఆ మూడు రోజులు తిన్నంత రుచిగా నా బతుకులో ఏదీ తినలేదు. చేదు నోటికి కూడా ఆ చల్లదనం తెలిసింది. కళ్ళు మూసుకుంటే పెరుగు వాసన, ఆమె గాజుల చప్పుడు. జ్వరంలో తేలుతూ, ఇట్లాగే ఉండిపోతే బాగుండు అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున కడుపులో కత్తి తిరిగింది. ఆ తర్వాత జరిగింది వివరంగా చెప్పను. అత్తమ్మ ఉతికిన బట్టల నీళ్ళు ఎర్రగా పారాయని మాత్రం మా ఆయన తర్వాత చెప్పాడు.

చదివేవాళ్ళకు ఇక్కడ ఒక మాట. జ్వరం వారం దాటి, మెడ మీద ముత్యాలు కనబడితే, దండం పెట్టుకోండి, తప్పు లేదు. దండం పెట్టిన చేతులతోనే బండి కట్టండి. మెతుకు మాత్రం నోట్లో పెట్టకండి.

*

వినాయక చవితి వెళ్ళిన మరునాడు నన్ను ఎడ్లబండిలో గడ్డి పరిచి దవాఖానకు తెచ్చారు. మా ఇంటి నుంచి ఎంతో దూరం లేదు. నాకు మాత్రం హైదరాబాదు దాకా పోయినంత సేపు అనిపించింది. పైన మబ్బు, మబ్బు పక్కన పెద్ద చర్చి శిఖరం. బండి మలుపు తిరిగినప్పుడల్లా శిఖరం పక్కకు జరిగి మళ్ళీ వచ్చి నిలబడేది.

వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ఎందరో ఉన్నారు. దగ్గుతున్న ముసలాయన, కడుపుతో ఉన్న ఆమె, కాలికి కట్టు కట్టుకుని ఎవరి వైపూ చూడని ఒక మనిషి. ఆ కాలికి ఏమయిందని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో అడిగేవాళ్ళు కాదు. ఎవరో తెలియని ఒకామె తన కొంగుతో నా మొహం మీద ఈగలు తోలుతూ కూర్చుంది. ఆమె వంతు వచ్చినప్పుడు లేచి, "ముందుగాల గీ పిల్లను తీస్కపోండ్రి," అన్నది. ఆమె మొహం నాకు గుర్తులేదు. నీలం రంగు అంచు చీర ఒక్కటే గుర్తుంది.

నర్సు మార్తమ్మ వచ్చింది. ఊరి మనిషే, చర్చి వెనక వాడలో ఉంటుంది. నా కనురెప్పలు ఎత్తి చూసి, "ఏం పెట్టిండ్రమ్మా తిననీకి?" అని అడిగింది.

"పెరుగన్నం," అన్నది అత్తమ్మ. కొంచెం గర్వంగానే అన్నది. ఊళ్ళో బియ్యం లేని రోజుల్లో కోడలికి పెరుగన్నం పెట్టిన అత్త ఆమె.

మార్తమ్మ చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టింది. గట్టిగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అత్తమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"గిది తల్లి గాదమ్మా. పేగుల జ్వరం. లోపట పేగు పుండయితది. పలుచటి బట్ట లెక్కనే ఉంటది. మెతుకు వడితె తెగుతది. ఇగ ఇర్వై రోజులు నీళ్ళు, బార్లీ తప్ప ఏం లేదు. నేను చెప్పిందాంక ఒక్క మెతుకు వెట్టొద్దు."

అత్తమ్మ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. అరచేయి ఒకసారి, వేళ్ళు ఒకసారి. తర్వాత ఆ చెయ్యిని కొంగులో చుట్టుకుంది.

ఆ రోజు నుంచి ఆమె నన్ను వదిలి పోలేదు. బట్టలు మార్చింది, కాళ్ళు పిసికింది, మంచం కింద పడుకుంది. నా నోటి దగ్గరికి మాత్రం ఆ చెయ్యి రాలేదు. బార్లీనీళ్ళు కూడా మార్తమ్మో, మా ఆయనో తాగించాలి. గ్లాసు ఆమెకు ఇస్తే పక్కన పెట్టి వరండాలోకి పోయేది.

*

భాద్రపదంలో మొదటి సగం నాకు నీళ్ళలో గడిచినట్టు ఉంది. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. కిటికీ అవతల చెట్ల కింద రోగుల వెంట వచ్చినవాళ్ళు మూడు రాళ్ళు పెట్టి వండుకునేవాళ్ళు. నాకు కళ్ళు తెరిచే ఓపిక లేదు గానీ ముక్కు పనిచేస్తూనే ఉంది. రొట్టె కాలుతున్న వాసన వస్తే పొద్దెక్కిందని, మిరపకాయలు కాలుస్తున్న వాసన వస్తే మధ్యాహ్నమని తెలిసేది. ఎవరి రొట్టె మాడిందో కూడా చెప్పగలిగేదాన్ని. రేగోడ్ నుంచి వచ్చిన వాళ్ళు పప్పులో ఎల్లిపాయ ఎక్కువ వేస్తారు.

కలలన్నీ తిండివే. ఏడుపాయల దగ్గర మంజీర నది ఏడు పాయలూ సల్లై పారుతోంది. ఇసుకలో వరసగా విస్తర్లు. వరసలో నాకు తెలిసినవాళ్ళంతా ఉన్నారు, చనిపోయిన మా నానమ్మతో సహా. వడ్డించే మనిషి ఒక్కొక్కరికే పెట్టుకుంటూ వస్తుంది. నా పక్క విస్తరి దాకా వచ్చి, కొంగులో చెయ్యి చుట్టుకుని వెనక్కి తిరుగుతుంది. నేను పిలుస్తాను. గొంతు రాదు. అప్పుడు చర్చి గంట మోగేది, లేదా మార్తమ్మ బార్లీతో వచ్చేది.

పక్క మంచంలో జైనబ్‌బీ ఉండేది. నా వయసే, నా జ్వరమే. ఆమె భర్త జట్కా తోలుతాడు. ఆమెకూ నీళ్ళే గతి కాబట్టి మా ఇద్దరికీ స్నేహం కుదరడానికి వేరే కారణం అక్కరలేకపోయింది. ఒకరోజు ఆమె గోడ వైపు తిరిగి సన్నగా అన్నది.

"అరే బహెన్, ఆకలైతుందా? చెప్పు, ఏం కావాలె? నేను నోటితోనే వండుత."

అట్లా మొదలైంది. ఆమె ఖిచిడీ వండేది. ఎర్రపప్పు ఎంత, నెయ్యి ఎంత, ఉల్లిగడ్డ ఏ రంగు వచ్చేదాకా వేయించాలి, అన్నీ చెప్పేది. పక్కన ఖట్టా. నువ్వులు వేయించి నూరి చింతపండు రసంలో కలపాలట.

"గది మా పచ్చిపులుసే. నువ్వులు నువ్వు తర్వాత పోసినవ్," అన్నాను.

"మీ పచ్చిపులుసే మా ఖట్టాను చూసి నేర్చుకుంది," అన్నది.

ఇద్దరికీ నవ్వే బలం లేదు. మంచాలు మాత్రం కొంచెం కిర్రుమన్నాయి. మరునాడు నా వంతు. సర్వపిండి చేశాను, గిన్నెకు అద్ది, వేలితో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వదిలి. ఆమె కళ్ళు మూసుకుని విని, "మాడింది, మూత తియ్యి," అన్నది.

మా అత్తమ్మ ఈ వంటలన్నీ వింటూ కూర్చునేది. జైనబ్ చెంబు పొరపాటున మా చెంబుకు తగిలితే మాత్రం లేచి బయటికి పోయి మాది తోమి తెచ్చేది. నాకు కోపం వచ్చేది. చెప్పే ఓపిక లేక కళ్ళు మూసుకునేదాన్ని.

*

ఒకరోజు మధ్యాహ్నం ఆకాశంలో విమానాల మోత. కిటికీ అద్దాలు వణికాయి. కల అనుకున్నాను. తర్వాత నాలుగైదు రోజులు ఊరు మూతబడింది. కిటికీ అవతల పొయ్యిలు వెలగలేదు, ఏ వాసనా రాలేదు. నాకు పొద్దు తెలియకుండా పోయింది. యూనియన్ సైన్యం వచ్చిందని, నిజాం లొంగిపోయాడని మా ఆయన పరుగున వచ్చి చెప్పాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. రెండేళ్ళ తర్వాత ఆయన గొంతు పెద్దగా వినడం అదే. వరండాలో ఎవరో బెల్లం పంచారు.

అంతకు ముందు వారం దాకా తలుపులు వేసుకున్నది మేము. ఆ వారం తలుపులు వేసుకున్నది వేరేవాళ్ళు. జైనబ్ భర్త రావడం ఆగిపోయింది. ఆమె అత్త రావడమూ ఆగిపోయింది. ఆయన బతికే ఉన్నాడని, ఒక స్నేహితుడి ఇంట్లో గడ్డివాము వెనక దాక్కున్నాడని నెల రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఎవరికీ ఏమీ తెలియదు. గుమ్మంలో నీడ పడ్డప్పుడల్లా ఆమె తల ఎత్తి చూసేది. ఖిచిడీ వండమని అడిగాను.

"పొయ్యి ఆరింది బహెన్," అన్నది.

ఆ వారమే మా ఇద్దరి జ్వరమూ దిగింది. కొంచెం అటూ ఇటూగా. మార్తమ్మ రెండు పూటలు చూసి, మూడో పూట మళ్ళీ చూసి నవ్వింది. ఇంకో వారం బార్లీ మీదే ఉంచి అప్పుడు పథ్యం పెట్టవచ్చన్నది. పాత బియ్యం జావలా ఉడికించి, పెసరకట్టు, ఉప్పు. నాలుగు ముద్దలతో మొదలు. మా ఆయన ఊరంతా తిరిగి ఒక తవ్వెడు పాత బియ్యం సంపాదించి తెచ్చాడు. ఎవరిచ్చారో అడిగితే, "అందరు ఇచ్చిండ్రు, జర జర," అన్నాడు.

నెల రోజులు కలల్లో తిన్నదాన్ని. గిన్నె ముందుకు వచ్చింది. మా ఆయన చెంచా అందించాడు. తెల్లగా, మెత్తగా అన్నం. నా కడుపులో కత్తి తిరిగింది. నిజంగా తిరగలేదు, తిరుగుతుందని ఒళ్ళంతా బిగుసుకుంది. నోరు తెరుచుకోలేదు. మార్తమ్మ బతిమాలింది, కసిరింది, ముక్కు మూసింది. మింగకముందే వాంతి.

మొదటిరోజు అట్లా పోయింది, రెండోరోజు అట్లాగే. మూడోరోజు డాక్టరమ్మ మా ఆయనను బయటికి పిలిచి చెప్పిన మాట కిటికీలోంచి నాకు వినబడింది. జ్వరం దాటినా, తినకపోతే ఈ మనిషి పది రోజులు నిలవదు. తింటే చస్తానని ఒళ్ళు అంటోంది, తినకపోతే చస్తావని డాక్టరమ్మ అంటోంది. తిండిపోతుకు ఇట్లాంటి గతి పడుతుందని ఎవరనుకుంటారు?

"అత్తమ్మ పెడితే తింట," అన్నాను.

మొండితనం కాదు. ఆ అన్నం నన్ను చంపదని నాకు ఎవరు చెప్పాలి? మొదట పెట్టిన మనిషే చెప్పాలి. ఆమె దూరం కూర్చుని భయపడుతుంటే, నేను ఏ ధైర్యంతో మింగను?

అత్తమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడింది. మొహం నలిగిపోయింది.

"నన్ను అడగకు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత. గీ చేతితోని నిన్ను సగం జంపిన. మిగిలిన సగం నాతోని గాదు."

వరండాలోకి పోయి గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. నాకు ఏడుపు వచ్చింది. ఆమె మీద కోపం కాదు. ఆమె భయం ఆమెకు, నా భయం నాకు. మధ్యలో గిన్నె చల్లారిపోతోంది.

*

నాలుగోరోజు మధ్యాహ్నం. మార్తమ్మ రెండు గిన్నెలు తెచ్చింది, ఒకటి నాకు, ఒకటి జైనబ్‌కు. జైనబ్‌కు కూడా ఆ రోజే పథ్యం. ఎవరో పిలిస్తే గిన్నెలు పెట్టి పోయింది. మా ఆయన బడికి పోయాడు. నేను నా గిన్నె ముట్టుకోలేదు.

జైనబ్ లేచి కూర్చోబోయింది. చెంచా పట్టుకుంది. చెంచా ఒరిగి అన్నం దుప్పటి మీద పడింది. ఏరుకోబోయింది. మళ్ళీ పడింది. ఏడవలేదు. పడ్డ మెతుకుల వైపు చూస్తూ ఊరికే కూర్చుంది. నేను అటు నుంచి చూపు తిప్పుకున్నాను. గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది.

ఎంతసేపు నిలబడిందో తెలియదు. తర్వాత బయటికి పోయింది. కుండలోంచి నీళ్ళు వంచుకున్న చప్పుడు, చేతులు కడుక్కున్న చప్పుడు. లోపలికి వచ్చి జైనబ్ మంచం అంచున కూర్చుంది. మూడు వారాలు ఒకే గదిలో ఉండి, అప్పుడు అడిగింది.

"నీ పేరేంది బిడ్డా?"

"జైనబ్."

"మీ ఇంటాయన వస్తలేడా?"

"తెల్వదమ్మా."

అత్తమ్మ గిన్నె ఒళ్ళోకి తీసుకుంది. పెసరకట్టు పోసి వేళ్ళతో మెదిపింది. మెదిపి, మళ్ళీ మెదిపింది, ఒక్క పలుకు కూడా మిగలకుండా. ముద్ద పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగింది. 

"నా చేతి ముద్ద మంచిది గాదు. నీకు ఎర్కనే గద. తింటవా?"

"ఆకలైతుందమ్మా," అన్నది జైనబ్, నోరు తెరిచింది.

అత్తమ్మ పెట్టింది. పెట్టి, ఊపిరి బిగబట్టి ఆ పిల్ల మొహంలోకి చూస్తూ కూర్చుంది. జైనబ్ మింగింది. ఏమీ కాలేదు. మళ్ళీ నోరు తెరిచింది. రెండో ముద్ద. ఈసారి చెయ్యి గాలిలో ఆగలేదు. మూడో ముద్దకు అత్తమ్మ పెదాలు కదిలాయి.

"ఇగో, చిన్నగ. నములు. మింగు. మా తల్లి గద."

నిజం చెప్పాలి, దాచవద్దన్నది కాబట్టి చెబుతున్నాను. నాకు ఒళ్ళు మండింది. దయ కాదు, సంతోషం కాదు, శుద్ధమైన ఈర్ష్య. ఆ గొణుగుడు నాది. ఆ చెయ్యి నాది. ఆ ముద్ద నాది. మూడు వారాలుగా నేను పిలుస్తుంటే రాని చెయ్యి పక్క మంచంలో అన్నం కలుపుతోంది.  నోట్లో నీళ్ళు ఊరాయి. కడుపు ఖాళీగా, గట్టిగా, ఎప్పటిలా అరిచింది.

"అత్తమ్మా! నాకు?"

ఆమె ఉలిక్కిపడి ఇటు తిరిగింది. నా తెరిచిన నోరు చూసింది. కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డం మీది నుంచి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"వస్తున్న, ఆగు," అన్నది, కసురుకుంటున్నట్టే. "ఇద్దరున్నరు, చెయ్యి ఒక్కటే గద."